రొట్టెలాయన దగ్గర నా వాచీ

ఫిబ్రవరి 4

సైకిలు దిగింది. పెద్ద అట్టపెట్టెలో, ముక్కలు ముక్కలుగా. ఇందులో ఏముందని అత్తయ్య అడిగారు. సైకిలన్నాను. ఎవరికని అడిగారు. నాకే అన్నాను. నన్నూ పెట్టెనీ మార్చి మార్చి చూసి, సరే బాబూ అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ సరేలో ఉన్న వెటకారం రాయడం నా చేతకాదు.

పంపింది ఆవిడ కూతురు, అంటే మా ఆవిడ. కొండల్లో సొరంగం తవ్వుతున్న చోట సర్వేయరు. నాలుగైదు నెలలకోసారి వస్తుంది, రెండు రోజులుంటుంది, అందులో ఒక రోజంతా నిద్రపోతుంది. ఏప్రిల్లో పది రోజులు సెలవు దొరికిందని పోయిన వారం ఫోన్ చేస్తే ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మర్నాడు మళ్ళీ చేసి మిగతాది చెప్పింది. ఆ సెలవులో కొండల మీద సైకిల్ టూరట. వారం రోజులట. ఇద్దరి పేర్లూ ఇచ్చేసిందట.

భలే ఐడియా అన్నాను. నా నోరు పడిపోను.

ఫిబ్రవరి 5

నాకు కావలసింది టూరు కాదు. తను పది రోజులు ఇంట్లో ఉండటం కావాలి. తడి తువ్వాలు కుర్చీ మీద పడేస్తే నేను సణగాలి. షాపు నుంచి వచ్చేసరికి హాల్లో తన చెప్పులుండాలి. అంతే. ఇంత చిన్న కోరిక నోరు తెరిచి చెప్పడానికి నాకేం రోగమో తెలీదు.

తెలుసులే. భార్య ఉద్యోగానికి ఎప్పుడూ అడ్డు చెప్పని మొగుడని నాకు చుట్టాల్లో మంచి పేరుంది. ఆ పేరంటే నాకు మహా ముద్దు.

ఫిబ్రవరి 8

ట్రైనింగ్ మొదలు. వీధి చివర బేకరీ దాకా తొక్కాను. టీ తాగాను. వెనక్కి వచ్చాను. సీటు ఎవరో పగబట్టి తయారు చేసినట్టుంది.

ఫిబ్రవరి 9

ఫోన్లో ఇంకో సంగతి చెప్పింది. సొరంగం రెండో వైపు పని మొదలవుతుందట. ఇంకో మూడేళ్ళు ఉంటావా అని ఆఫీసు వాళ్ళు అడిగారట. టూరు అయ్యాక జవాబు చెప్తానందట. నువ్వేమంటావ్ అని అడిగింది. నీ ఇష్టం అన్నాను, నాకేం అభ్యంతరం లేదన్నాను. తర్వాత సరే ఉంటాను అని పెట్టేసింది.

మూడేళ్ళు.

ఫిబ్రవరి 12

వాన పడేట్టుంది. వెళ్ళలేదు. పడలేదు.

ఫిబ్రవరి 15

సైకిలుతో పాటు తను వాచీ కూడా పంపింది. చేతికి పెట్టుకుని తొక్కితే ఎంత దూరం వెళ్ళాం, ఎంత ఎత్తెక్కాం, గుండె ఎంత కొట్టుకుంది, అన్నీ చెప్తుంది. నాకు ఒక్కడికే చెప్తే బాధ లేదు. అక్కడ తన ఫోన్లో కూడా మ్యాపు మీద ఎర్ర చుక్క కదులుతుంది. రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ నా చుక్క చూస్తానంది. నా చుక్క ఇప్పటిదాకా బేకరీ దాటలేదు. ఇవాళ అడిగింది, ఆ బేకరీలో ఏమన్నా పార్ట్‌టైం చేస్తున్నావా అని.

ఫిబ్రవరి 18

ఇవాళ జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

బేకరీ దగ్గర చైను ఊడింది. ఎక్కించేసరికి చేతులు నల్లగా అయ్యాయి. కడుక్కుంటూ వాచీ తీసి పక్కనున్న సైకిలు బుట్టలో పెట్టాను. అది రొట్టెలాయన సైకిలు. బేకరీ నుంచి ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు వేస్తాడు, యాభై దాటిన మనిషి, సైకిలు ఆయన కన్నా పెద్దది. నేను టీ తాగి, వాచీ సంగతి మర్చిపోయి ఇంటికొచ్చాను. ఆయన వాచీతో సహా ఊరంతా తిరిగాడు. వాటర్ ట్యాంకు గుట్ట కూడా ఎక్కాడు, ఏమాత్రం దిగకుండా.

నేను పని చేసే కళ్ళజోళ్ళ షాపులో లెన్సు అరగదీస్తుంటే తన మెసేజ్. శభాష్ అని, పక్కన కొండ బొమ్మ. కాసేపటికి ఫోన్. గొంతులో ఎంత సంబరమో. పెళ్ళయిన కొత్తలో విన్న గొంతు అది. గుట్ట ఎక్కేశావా, నిజంగా ఎక్కేశావా అని మూడుసార్లు అడిగింది. నేను కాదనేలోపే చాలా ఆలస్యమైపోయింది. మెషీను ఆపేసి గోడ వైపు తిరిగి నుంచుని, ఊఁ, ఊఁ అంటూ ఉన్నాను.

ఒకటి మాత్రం అడిగింది. గుండె దగ్గర గీత పడిందేంటి, ఏమీ నమోదు కాలేదేంటి అని. పట్టీ వదులైందన్నాను.

గుండె లేని మనిషి గుట్ట ఎక్కాడన్నమాట.

ఫిబ్రవరి 20

రొట్టెలాయనతో ఒప్పందం కుదిరింది. ఆయన ఇంటి నంబర్లు చదవడానికి ముక్కు గోడకి ఆనించడం నేను ముందు నుంచీ చూస్తున్నాను. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టుంది. షాపుకి తీసుకెళ్ళి చూపు పరీక్ష చేయించాను, కొత్త అద్దాలు నేనే అరగదీసి బిగించి పెట్టాను. బదులుగా రోజూ నా వాచీ ఆయన జేబులో ఊరు తిరగాలి. ఎందుకని అడిగాడు. మా ఆవిడ చూసుకుంటుందన్నాను. నన్నెందుకు చూసుకోవడమని కంగారు పడ్డాడు. అర్థమయ్యేలా చెప్పేసరికి తాతలు దిగొచ్చారు. విన్నాక తల ఊపి, ఇంత చదువుకున్నవాళ్ళు ఇదేం పని బాబూ అనలేదు గానీ మొహం మాత్రం అదే అంది.

ఫిబ్రవరి 27

కొత్త అద్దాలొచ్చాక రొట్టెలాయన స్పీడు పెరిగింది. గుంతలు ముందే కనిపిస్తున్నాయట. నా ఫామ్ అదిరిపోతోందని తను మెచ్చుకుంది. నేను పొట్ట లోపలికి పీల్చి థాంక్స్ చెప్పాను. ఫోన్లో పొట్ట కనపడదని తర్వాత గుర్తొచ్చింది.

మార్చి 3, ఉదయం 7:20

అత్తయ్యకి తెలిసిపోయింది. పొద్దున్నే తను ల్యాండ్‌లైన్‌కి చేసిందట. చుక్క గుట్ట మీదుందమ్మా, ఆయనింకా రాలేదు కదా అని అడిగిందట. అత్తయ్య నా గదిలోకి తొంగి చూశారట. నేను దుప్పటి ముసుగులో గుర్రు పెడుతున్నానట. ఇంకా రాలేదే తల్లీ, పాపం చాలా కష్టపడుతున్నారు అన్నారట.

ఇదంతా నాకు కాఫీ ఇస్తూ చెప్పారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కాఫీలో పంచదార కూడా వెయ్యలేదు.

మార్చి 12

తను ఏడ్చింది. నా వల్ల.

ట్యాంకు గుట్ట పైన మేం పెళ్ళయ్యాక కాపురం పెట్టిన గది ఉంది. కింద టైలరు షాపు, పైన ఒక్క గది, వీధి మీదికి కిటికీ. రెండేళ్ళున్నాం. చుక్క రోజూ ఆ గది ముందు ఆగుతోందట. చాలాసేపు ఆగుతోందట. మొదట్లో అలుపు తీర్చుకుంటున్నాననుకుందట. కానీ రోజూ అక్కడే, సరిగ్గా ఆ కిటికీ కింద. ఇవాళ ఉండబట్టలేక ఫోన్ చేసింది. నువ్వా గది మర్చిపోయావనుకున్నాను అంది. నేను దూరంగా ఉంటేనే నీకు హాయిగా ఉందేమో అనుకున్నాను అంది. ఎప్పుడడిగినా నీ ఇష్టం, నీ ఇష్టం అంటావు, రోజూ పొద్దున్నే వెళ్ళి అక్కడ నుంచుంటున్నావని ఒక్క మాట చెప్పవేం అంది. తర్వాత ఏడుపు. మూడేళ్ళ కాయితం మీద సంతకం పెట్టనులే, టూరు అవగానే వచ్చేస్తానంది.

నేను కోరుకున్నది అదే. ఫిబ్రవరి నుంచి కాదు, ఎన్నో ఏళ్ళ నుంచి.

సాయంత్రం రొట్టెలాయన్ని పట్టుకుని అడిగాను, అక్కడ ఎందుకు ఆగుతావని. ఆ గదిలో ఇప్పుడొక ముసలావిడ ఉంటుందట. మెట్లు దిగలేదు. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించుతుంది. ఆ తాడు రోజూ చిక్కుపడుతుంది. ఆ చిక్కు తీసేదాకా ఆయన అక్కడే నుంచోవాలి.

మార్చి 13

అన్నం సహించలేదు.

మార్చి 14

షాపులో ఇవాళ ఒకాయన జోడు పెట్టుకోగానే మెట్టు రెండుగా కనిపిస్తోందన్నాడు. అద్దం మధ్యబిందువు తప్పుగా పెట్టాను. ఇన్నేళ్ళలో ఈ పొరపాటు నేనెప్పుడూ చెయ్యలేదు. ఓనరు కళ్ళజోడు నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

నేను తనకోసం తపించడం అబద్ధం కాదు. రోజూ పక్క మీద తన వైపు చోటు అలాగే వదిలి పడుకుంటాను. బజార్లో తన నడకలాంటి నడక కనిపిస్తే ఆ మనిషి మొహం చూసేదాకా వెనకాలే పోతాను. అవన్నీ నిజం. కానీ వాటిలో ఒక్కటీ తనకి తెలీదు. తెలిసిందల్లా తాడు చిక్కు.

మార్చి 16, ఉదయం

రొట్టెలాయన దగ్గర వాచీ తీసేసుకున్నాను. చేతికి గట్టిగా బిగించుకుని నేనే బయల్దేరాను. నిజం చేసేస్తే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని ఏదో పిచ్చి లెక్క.

గుట్ట సగం దాకా తొక్కాను. మిగతా సగం తోశాను. ఒక కుక్క కూడా నన్ను దాటిపోయింది, మొరగడం కూడా దండగనుకున్నట్టుంది. పైకి చేరి కిటికీ కింద నుంచున్నాను. మనసులో పెద్దగా ఏమీ కలగలేదు, మోకాళ్ళు తప్ప నాకేమీ తెలియడం లేదు. అంతలో బుట్ట దిగింది. ముసలావిడ తల బయట పెట్టి రొట్టె ఏదీ అని అరిచింది. నేను రొట్టెలాయన్ని కాదమ్మా, ఇదివరకు ఈ గదిలో ఉండేవాణ్ణి అన్నాను. అయితే పైకి రా నాయనా, ఈ కిటికీ గడియ పడి చావట్లేదు, మీరేం చేసేవాళ్ళో చూపించు అంది.

ఎక్కాను. అదే గడియ. మా రోజుల్లోనూ పడేది కాదు. నేను కాయితం మడిచి దోపేవాణ్ణి, రాత్రికి అది ఊడిపోయేది, గాలికి తలుపు కొట్టుకునేది. తను నిద్రలోనే లేచి నా మీదుగా చెయ్యి చాచి తలుపు పట్టుకుని, అలాగే మళ్ళీ నిద్రపోయేది. చెయ్యి నా మీద ఉండిపోయేది. పొద్దున్నకి నాకు భుజం పట్టేసేది, అయినా కదిలేవాణ్ణి కాదు.

ముసలావిడకి కాయితం మడిచి దోపి ఇచ్చాను. ఎందుకేడుస్తున్నావని అడిగింది. గుట్ట ఎక్కాను కదమ్మా అన్నాను.

మార్చి 16, సాయంత్రం

ఫోన్. ఇవాళ ఎప్పటికన్నా రెట్టింపు సేపు పట్టిందేంటి, ఒంట్లో బాగోలేదా అని మొదలుపెట్టింది. గుట్ట మీద గుండె మొదటిసారి నమోదైందట, అంకె చూసి భయమేసిందట. ఎక్కేటప్పుడు సరే, గది దగ్గర ఆగాక కూడా తగ్గలేదట, ఇంకా పెరిగిందట. డాక్టరుకి చూపించుకో అంది.

చెప్పేశాను. బుట్ట, వాచీ, కళ్ళద్దాలు, తాడు చిక్కు, అన్నీ. ఇవాళ ఒక్కటే నాదని కూడా చెప్పాను.

అమ్మకి తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. పెట్టేసింది.

మార్చి 20

ఫోన్ లేదు.

మార్చి 24

లేదు. రోజూ పొద్దున్న గుట్ట దాకా వెళ్తున్నాను. ట్రైనింగ్ కోసం కాదు. నా చుక్క చూస్తోందో లేదో తెలీదు, చూస్తే కనపడాలని.

మార్చి 29

మెసేజ్. రెండే ముక్కలు. టూరుకి రా. సంతకం సంగతి తర్వాత ఆలోచిస్తాను.

అంటే మళ్ళీ మొదటికొచ్చింది. మూడేళ్ళ కాయితం మళ్ళీ బల్ల మీదుంది.

ఏప్రిల్ 2

అత్తయ్య కూర తరుగుతూ, తలెత్తకుండా, మీరే అక్కడికి వెళ్ళొచ్చు కదా అల్లుడుగారూ అన్నారు. అక్కడ మనుషులకి చత్వారం రాదా, కళ్ళజోళ్ళు అక్కర్లేదా అన్నారు.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళూ తను రావాలా, ఉండాలా అనే తప్ప నేను వెళ్ళొచ్చన్న ఊహే రాలేదు నాకు. అక్కడ ఇప్పుడు చిన్న ఊరే వెలిసిందట, క్వార్టర్లున్నాయట, ఆసుపత్రి ఉందట. నాలాంటి వాడికి పని దొరక్కపోదు.

మరి మీ సంగతేంటి అన్నాను. నా సంగతి మీకెందుకు, ముందు దాన్ని అడగండి అన్నారు. అడగాలంటే భయమేస్తోందన్నాను. అంత మాట అత్తగారితో అనేసినందుకు నాకే సిగ్గేసింది. ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి నన్ను మొదటిసారి వెటకారం లేకుండా చూశారు.

ఏప్రిల్ 3

వద్దంటే? ఒంటరిగా ఉంటేనే తనకి ప్రాణానికి హాయిగా ఉంటే? నేను వెళ్ళి తన గదిలో పెట్టె దించితే, తను మర్యాదకి నవ్వితే? ఇక్కడుండి తపించడం దానికన్నా నయం కాదూ. ఇక్కడైతే కనీసం ఆశ పెట్టుకోవచ్చు.

ఏప్రిల్ 11

టూరు మొదలు. తనని చూశాను. జుట్టు పొట్టిగా కత్తిరించేసింది. మొహం ఎండకి కమిలి నల్లబడింది. నా దగ్గరికొచ్చి, ముందు నన్ను కాదు, నా టైరు బొటనవేలితో నొక్కి చూసింది. గాలి తక్కువుంది అంది. అంతే. ఐదు నెలల తర్వాత.

నాకైతే అక్కడే రోడ్డు మీద కావలించుకోవాలనిపించింది. గాలి కొట్టుకున్నాను.

ఏప్రిల్ 12

తను అందరికన్నా ముందు. నేను అందరికన్నా వెనక. నా వెనక సామాన్ల వ్యాను, దాని డ్రైవరు మర్యాదస్తుడు, ఎక్కమని అడగడు, తలుపు మాత్రం తీసి ఉంచుతాడు. రోజంతా మలుపు మలుపుకీ పైన తన ఎర్ర టోపీ కాసేపు కనిపిస్తుంది, మాయమవుతుంది.

బసలో ఆడవాళ్ళకొక హాలు, మగవాళ్ళకొక హాలు. పది రోజుల సెలవులో మొగుడూపెళ్ళాం గోడకి చెరోపక్క. నా పక్క మంచం మీద రిటైరైన లెక్కల మాస్టారు గురక.

ఏప్రిల్ 14, సాయంత్రం

బస మెట్ల మీద కూర్చుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. లేవలేదు.

తనే మొదలుపెట్టింది. వాచీ గురించి కోపం లేదంది. కోపమల్లా వేరే అంది. ఏ మాటా చెప్పకుండా రోజూ పొద్దున్నే ఆ కిటికీ కింద నుంచునే మనిషిని నేను ఎంతో ఇష్టపడ్డాను, తీరా చూస్తే మూడు వారాలు రొట్టెలాయన్ని ప్రేమించానన్నమాట అంది. నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నువ్వు నన్ను ఏదన్నా అడిగి ఎన్నేళ్ళయిందో తెలుసా అంది. అడ్డు చెప్పకపోవడం గొప్పే, కానీ ఏమీ కావాలనకపోతే నేను నీకు కావాలో వద్దో నాకెలా తెలుస్తుంది అంది. నువ్వు నిజం చెప్పిన ఆ రోజు నీ గుండె అంకె మాత్రం ఫోన్లోంచి తీసెయ్యలేదు అంది.

అప్పుడు అడగాల్సింది. నోటి దాకా వచ్చింది. అంతలో భోజనాలకి పిలిచారు. నేను లేచాను. ఎందుకు లేచానో. ఆకలి కూడా లేదు.

ఏప్రిల్ 15

రేపే పెద్ద కనుమ ఎక్కేది. తర్వాత అంతా దిగుడే, ఎల్లుండి తను ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. ఇవాళ రోజంతా తొక్కుతూ ఆ ఒక్క వాక్యాన్నీ రకరకాలుగా అనుకున్నాను. నేను అక్కడికి రానా. నేను వస్తే నీకు ఇబ్బందా. నీతో ఉండాలనుంది. మూడోది పైకి అనేశాను కూడా. వ్యాను డ్రైవరు విని, ఎవరితో సార్ అన్నాడు.

ఏప్రిల్ 16

దిగకుండా ఎక్కాను. ఆఖర్న. పైన అందరూ ఫోటోలు దిగి కిందికెళ్ళిపోయారు, తనొక్కతే రాయి మీద కూర్చుని ఉంది, ఎంతసేపటి నుంచో. సైకిలు పడేసి తన ముందు నుంచున్నాను. నోరు తెరిచాను. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

అమ్మ ఫోన్లో చెప్పిందిలే అని, క్వార్టరులో రెండు గదులున్నాయంది. ఒకటి అమ్మకంది. వచ్చేటప్పుడు కిటికీ గడియ ఒకటి కొనుక్కురమ్మంది, అక్కడ దొరకవట.

నేనింకా ఏమీ అడగలేదు.